షుగరు నాకొచ్చింది, కుండ మాత్రం మారలేదు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో విజయపురి సౌత్‌కు చెందిన సభ్యురాలు ఆరోగ్యం అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఈ మైకు కొత్త కాదు. రెండు దఫాలు మా గ్రామ సంఘానికి లీడరుగా చేశా. పొదుపు ఎంత, అప్పు ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత అని చదివి దిగిపోయేదాన్ని. ఈసారి ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. డాక్టరమ్మను పిలవండి, నాకేం తెలుసు అన్నా. "నీకు వచ్చింది గదా, అదే చెప్పు" అన్నారు. కాబట్టి ఇది డాక్టరు ఉపన్యాసం కాదు. ఏడాదిన్నర కింద నాకు షుగరు అని తేలింది. అప్పట్నుంచి ఇంట్లో, పొయ్యి దగ్గర, బేరం దగ్గర ఏం జరిగిందో అదే చెప్తా. వైద్యం మాటలు వచ్చిన చోట మాత్రం నేను చూపించుకునే డాక్టరు గారిని అడిగి సరిచూసుకునే చెప్తున్నా.

లాంచీ స్టేషనుకు పోయే దారిలో మాది చిన్న టిఫిను బండి. నాగార్జునకొండ చూడటానికి వచ్చే జనం పొద్దున్నే దిగుతారు. నాలుగింటికి లేవాలి. పిండి, చట్నీ, బజ్జీ మూకుడు, టీ. పదకొండు దాటేదాకా కూర్చునేది లేదు. మా ఆయన ఆటో తోలతాడు. ఇంట్లో మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. ఇది అందరి ఇళ్లలో ఉండే సంసారమే.

మొదట దాహం మొదలైంది. పొయ్యి ముందు నిలబడే మనిషికి దాహం వెయ్యదా అనుకున్నా. రాత్రి మూడు నాలుగుసార్లు లేవటం మొదలైంది. అన్ని నీళ్లు తాగితే లేవనా అనుకున్నా. నీరసం వచ్చింది. నలభై ఆరేళ్లు వచ్చాయి, నెలసరి తేడా చేస్తోంది గదా అనుకున్నా. ప్రతిదానికీ నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది. ఇంకొక సంగతి కూడా ఉంది. వేదిక మీద ఇద్దరు సార్లు ఉన్నారు, వాళ్లు కాసేపు చెవులు మూసుకోవాలి. చెప్పుకోలేని చోట దురద. నాలుగు నెలలు మందుల షాపులో పేరు చెప్పకుండా ట్యూబు కొనుక్కొచ్చి రాసుకున్నా. తగ్గుద్ది, మళ్లీ వస్తది. షుగరు ఎక్కువగా ఉన్న ఒంట్లో ఆ చోట ఫంగస్ తేలిగ్గా పెరుగుతుందని నాకు తర్వాత తెలిసింది. మీలో ఎవరికన్నా ఆ ట్యూబు రెండోసారి, మూడోసారి కొనాల్సి వస్తుంటే, దాన్ని పక్కన పెట్టి ముందు రక్తపరీక్ష చేయించుకోండి. దీని గురించి నలుగురిలో ఎవరూ మాట్లాడరు. అందుకే నేను మాట్లాడుతున్నా.

మా సంఘం మీటింగుకు ఏఎన్ఎమ్మూ ఆశా కార్యకర్తా వచ్చారు, ముప్పై దాటిన వాళ్లందరికీ బీపీ, షుగరు చూడాలని. నేను లీడర్ని కాబట్టి అందర్నీ వరసలో నిలబెట్టి ఆఖరున నిలబడ్డా. వేలు గుచ్చితే 286 వచ్చింది. "టిఫిను తిన్నావా అక్కా" అని అడిగింది ఆ పిల్ల. తిన్నా అన్నా. "తిన్నా సరే, ఇంత ఉండకూడదు" అంది. తర్వాత పరగడుపున ల్యాబులో ఇస్తే 172. పరగడుపున వందలోపు ఉండాలి, 126 గానీ ఆపైన గానీ వస్తే షుగరు ఉన్నట్టు. ఇంకో పరీక్ష ఉంది, హెచ్‌బీఏ1సీ అంటారు. అది నాకు 9.1. మామూలు మనిషికి 5.7 లోపు ఉంటది, 6.5 గానీ ఆపైన గానీ వస్తే షుగరు అంటారు.

ఆ మూడో అంకె నాకు ముందు అర్థం కాలా. అర్థమయ్యాక మన సంఘం పద్ధతి లాగే అనిపించింది. వేలు గుచ్చి చూసేది ఈ నిమిషాన పెట్టెలో ఉన్న నగదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పరీక్ష అని తెలిసి ముందురోజు ఉపవాసం ఉంటే తగ్గించి చూపిస్తది. మూడు నెలల పుస్తకం ముందు పెడితే ఆ మాయ సాగదు గదా. హెచ్‌బీఏ1సీ అట్టా రెండు మూడు నెలల సగటు చెప్పేస్తది. మనం రికార్డులు దిద్దినా రక్తం దిద్దనివ్వదు.

దేశం మొత్తం మీద లెక్క చూస్తే, మద్రాసు డయాబెటిస్ పరిశోధన సంస్థ వాళ్లు, ఐసీఎంఆర్ వాళ్లు కలిసి చేసిన పెద్ద సర్వే 2023లో బయటికి వచ్చింది. పెద్దవాళ్లలో నూటికి పదకొండు మందికి షుగరు ఉంది, ఇంకో పదిహేను మంది గుమ్మం దాకా వచ్చి ఉన్నారు. మీ వరసలో అటు నలుగుర్ని, ఇటు నలుగుర్ని చూసుకోండి. చూస్తే తెలియదు. అదే దీంతో వచ్చిన చిక్కు.

ఇక అసలు సంగతికి వస్తా. రిపోర్టు తీసుకుని ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని దాన్ని దాచటం. మాత్రలు పోపుల డబ్బా వెనక పెట్టా. ఐదు వారాలు ఎవరికీ చెప్పలా. ఎందుకు దాచావు అని ఇప్పుడు అడిగితే నాకే నవ్వొస్తది, కానీ అప్పుడు కారణాలు చాలా గట్టిగానే అనిపించాయి. పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం, "తల్లికి షుగరంట" అంటారేమో. సంఘంలో అప్పు తీసుకుని ఫ్రిజ్జు కొన్నా, కంతులు ఉన్నాయి, ఈ మనిషి కట్టగలదా అనుకుంటారేమో. అన్నిటికన్నా పెద్దది ఇంకోటి. మా ఇంట్లో అప్పటికే ఒక షుగరు మనిషి ఉన్నాడు, మా ఆయన. ఒకే ఇంట్లో ఇద్దరు రోగులైతే చేసేదెవరు?

ఇక్కడ ఒక పోలిక చెప్తా. ఇది మా ఆయన మీద ఫిర్యాదు కాదు, ఆయనకు చెప్పే వచ్చా. ఆరేళ్ల కింద ఆయనకు షుగరు తేలిన రోజు సాయంత్రానికే మా ఇంట్లో పంచదార డబ్బా అటక ఎక్కింది. ఆయనకు వేరే కూర, వేరే టీ. రాత్రికి గోధుమ రొట్టె. ఎనిమిదింటికల్లా పళ్లెం ముందు పెట్టాలి, మాత్ర గ్లాసు పక్కన పెట్టాలి. ఇవన్నీ ఎవరు చేశారు? నేనే. ఎవరూ చెప్పకుండానే చేశా, చెయ్యాల్సిందే. మరి నాకు వచ్చినప్పుడు ఏం మారింది? ఏమీ మారలా. అదే కుండ, అదే అన్నం. ఆయన రొట్టె అయిపోయాక, పిల్లలు తిన్నాక, మధ్యాహ్నం మూడింటికి నేను కూర్చునేదాన్ని. పిల్లలు పళ్లెంలో వదిలేసింది, కుండ అడుగున మిగిలింది, పారబొయ్యటానికి మనసొప్పక నేనే తినేదాన్ని. మాడు కూడా నాకే. ఒకరోజు మా చిన్నది, "అమ్మా, నువ్వు కుడితి తొట్టివా ఏంది" అంది. ఎగతాళికే అంది. నేను కూడా నవ్వా. రాత్రి పడుకున్నాక ఆ మాట గుర్తొచ్చి నిద్ర పట్టలా.

ఆయన మార్చనివ్వలేదని నేను అనటంలా. ఆయనకు తెలియనే తెలియదు. నాకు వచ్చింది అని నేనే నాకు చెప్పుకోలేదు. భర్తకు రోగమొస్తే ఇల్లు మారుతుంది, ఇల్లాలికి రోగమొస్తే ఇల్లాలే సర్దుకుంటుంది. ఆ సర్దుకోవటమే నన్ను కార్తీక మాసంలో పొయ్యి మీద పడేసేది.

కార్తీక సోమవారం. మీకు తెలుసు, ఆ నెలలో సాగరు జనంతో నిండుద్ది. కృష్ణలో మునిగి వచ్చిన వాళ్లు, లాంచీ కోసం వచ్చిన వాళ్లు, పిక్నిక్‌కు వచ్చిన కాలేజీ పిల్లలు. ఏడింటికి మాత్ర వేసుకున్నా. నాకు రెండు రకాల మాత్రలు రాశారు. మెట్‌ఫార్మిన్ ఒకటి, గ్లిమెపిరైడ్ ఒకటి. ఆ రెండోది వేసుకుంటే టైముకు తినాలి. చీటీ ఇచ్చేటప్పుడు ఆ మాట ఎవరూ నాకు విడమర్చి చెప్పలా, నేను అడగలా. ఉపవాసం కదా అని నేను ఏమీ తినలా. పదింటికి చేతులు వణకటం మొదలైంది. ఒళ్లంతా చెమట. చలిగాలి తగులుతున్నా చీర తడిసిపోయింది. గుండె దడదడ. చిల్లర లెక్కపెట్టబోతే నోట్లు రెండు రెండుగా కనపడుతున్నాయి. ముందు బజ్జీల మూకుడు, కాగే నూనె. దాని మీదికే తూలా.

పక్కన పూల కొట్టు మా సంఘం వదినది. వచ్చి రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. కాళ్ల మీద నూనె చింది చిన్న మచ్చ పడింది, అంతటితో పోయింది. చుట్టూ మూగిన వాళ్లు తలా ఒకటి, దిష్టి అని ఒకరు, ఎండ అని ఒకరు, శివుడికి కోపం వచ్చిందని ఒకరు. ఆమె ఒక్కటే నా చెవి దగ్గర నోరు పెట్టి "షుగరు మాత్ర ఏమన్నా వేసుకున్నావా" అని అడిగింది. వాళ్లమ్మకు ఉందంట, అందుకని తెలుసు. నేను తల ఊపా. అంతే, నా బండి మీద పంచదారే తీసి మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించింది. "షుగరు మనిషికి పంచదార పోస్తావా, చంపుతావా" అని చుట్టూ గొడవ. ఆమె వినలా. పది పదిహేను నిమిషాల్లో నాకు తెలివి నిలబడింది. తర్వాత రెండు ఇడ్లీ పెట్టింది. ఉపవాసం గంగలో కలిసింది. నేను దాచిపెట్టిన ఐదు వారాల గుట్టు కూడా అక్కడే బయటపడింది.

ఇది మాత్రం అందరూ గుర్తు పెట్టుకోవాలి, ఇంట్లో షుగరు వాళ్లు లేనివాళ్లు కూడా. షుగరు ఎక్కువైతే ఒంటికి చేసే చెడు ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుద్ది. షుగరు పడిపోతే నిమిషాల్లో మనిషి పడిపోతది. వణుకు, చెమట, దడ, కళ్లు మసకలు, విపరీతమైన ఆకలి, తిక్క తిక్కగా మాట్లాడటం. మిషను ఉంటే చూడాలి, 70 లోపు ఉంటే పడిపోయినట్టే. మిషను లేకపోతే దానికోసం పరిగెత్తొద్దు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంట ఆగండి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదన్నా తినిపించండి. మనిషికి స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోద్ది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి. ఇన్సులిన్ తీసుకునే వాళ్లకు, నాలాంటి మాత్ర వేసుకునే వాళ్లకు ఇది ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడే వాళ్లకు అరుదు. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టర్ని అడగండి, మాత్ర మార్చేదీ తగ్గించేదీ వాళ్లు చెప్తారు. దేవుడి పేరు చెప్పి మాత్ర వేసుకుని పస్తుండొద్దు.

ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ జరిగింది. మా ఆయన కాసేపు మాట్లాడలా. "నాతో చెప్పాల్సింది" అన్నాడు. తర్వాత "ఇద్దరికీ ఒకటే కూర వండు, నాదే నువ్వూ తిను" అన్నాడు. ఆ మాటకే నా సగం పని తగ్గింది. ఆరేళ్లుగా రెండు పొయ్యిల వంట చేస్తున్నా, ఇల్లంతా ఒకటే తినొచ్చనే ఆలోచన నాకెప్పుడూ రాలా. పిల్లలకు మాత్రం ఏం తక్కువైంది? ఆకుకూర, పప్పు, చేప అందరికీ మంచిదే గదా.

మా అత్తమ్మ ఎనభై దాటిన మనిషి, గురజాల వైపు పుట్టిల్లు. ఆమె అంది, "జొన్న తినండే, ఈ తెల్లన్నం వచ్చాకే ఈ రోగాలు." పల్నాడులో జొన్నకూడు సంగతి కొత్తదేం కాదు. శ్రీనాథుడు ఈ సీమకు వచ్చి, ఇక్కడ ఎవరైనా జొన్నకూడే తినాలి అని వేళాకోళం చేసిన చాటుపద్యం ఆయన పేరు మీద ఈనాటికీ చెప్పుకుంటారు. మా అత్తమ్మ చిన్నప్పుడు వరన్నం పండగకీ చుట్టాలకీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగరుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ గారు కాలవలకు నీళ్లు వదిలారు. కుడి కాలవ కింద వరి వచ్చింది. ఆకలి తీరింది, అది మర్చిపోకూడదు. కానీ పూటకొక్క ముద్ద ఉన్న అన్నం మూడు పూటలా పళ్లెం నిండా అయింది.

అత్తమ్మ మాటలో నిజం ఉంది. మొత్తం నిజం మాత్రం లేదు. వాళ్లు జొన్న తిన్నారు, నిజమే. జొన్న తిని రాయి మోశారు, మైళ్లు నడిచారు, చేలో పొద్దంతా వంగారు. మనం జొన్న రొట్టె తిని సీరియల్ చూస్తే ఆ ఫలితం ఎట్టా వస్తది? నేనే పరీక్ష చేసుకున్నా. జొన్న మంచిదంట కదా అని రాత్రి నాలుగు రొట్టెలు తిని రెండు గంటల తర్వాత చూసుకుంటే 230. రెండు రొట్టెలు, నిండా గోంగూర పప్పు, ఒక గుడ్డు తిన్న రోజు 165. జొన్న, కొర్ర, సజ్జ ఇవన్నీ పీచు ఉన్న మంచి గింజలే, తెల్లన్నం కన్నా నిదానంగా అరుగుతాయి. కానీ అవీ పిండి పదార్థమే. "చిరుధాన్యాలు తింటే షుగరు పోద్ది" అని ఫోన్లో వచ్చే వీడియోలు నమ్మి మాత్ర ఆపొద్దు.

రొట్టె చెయ్యటం నాకు రాదు. మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నా. మరిగే నీళ్లు పోసి పిండి కలపాలి, చల్లారకముందే మర్దించాలి, పీట మీద అరచేత్తో తట్టాలి, పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన తుడవాలి. మొదటి వారం నా రొట్టెలు శ్రీశైలం మ్యాపు లాగా వచ్చాయి. ఆమె నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. పదేళ్ల తర్వాత మేమిద్దరం వంటింట్లో పక్కపక్కన కూర్చున్నాం.

అన్నం నేను మానలేదు. మధ్యాహ్నం తింటా. ఇదివరకు పళ్లెంలో అన్నం కొండంత, కూర అంచున. ఇప్పుడు పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూర. పావు వంతు పప్పు గానీ చేప గానీ గుడ్డు గానీ. పావు వంతే అన్నం. సాగరు చేప ఉన్న ఊళ్లో పులుసుకు లోటు లేదు. అయితే పులుసు బాగుంటే అన్నం ఎక్కువ పోద్ది, అది నా బలహీనత, ఇప్పటికీ ఉంది.

నన్ను ముంచింది అన్నం ఒక్కటే కాదు, టీ. కూర్చుని లెక్కేశా. బండి దగ్గర రోజుకు ఆరు టీలు తాగేదాన్ని, రుచి చూసినవి కాకుండా. టీకి రెండు చెంచాలు. రోజుకు పన్నెండు చెంచాలు, చెంచా ఐదు గ్రాములనుకుంటే అరవై గ్రాములు. నెలకు కిలో ముప్పావు పంచదార, ఒక్క మనిషి, ఒక్క టీలోనే! సంఘం లెక్కలు పైసాతో సహా చూసే నేను ఈ లెక్క ఇరవై ఏళ్లు వెయ్యలా. ఇప్పుడు రెండు టీలు, పంచదార లేకుండా. పది రోజులు గడ్డి నీళ్లలాగా ఉంది, తర్వాత అలవాటైంది. బెల్లం వేసుకోవచ్చా, తేనె వేసుకోవచ్చా, తాటిబెల్లం అయితే పర్లేదంట గదా అని నన్ను చాలామంది అడుగుతారు. అన్నీ రక్తంలో చక్కెరే అవుతాయి అక్కా. పేరు మారితే ఒళ్లు మోసపోదు.

నడక సంగతి. "రోజంతా నిలబడే ఉంటా, మళ్లీ నడక దేనికి" అని డాక్టరు గారితో వాదించా. నిలబడటం వేరు, నడవటం వేరు అన్నారు. రోజూ అరగంట, తిన్న తర్వాత పదిహేను నిమిషాలు నడిచినా అంకె దిగుతుందన్నారు. సరే అని బయలుదేరా. మన ఊళ్లలో ఆడమనిషి పనిలేకుండా రోడ్డు మీద నడిస్తే ఎట్టా ఉంటదో మీకు తెలుసు. "ఎక్కడికి వదినా" అని గుమ్మానికొకరు. ఏం చెప్పాలో తెలియక మొదట్లో చేతిలో ఖాళీ సంచి పట్టుకుని వెళ్లేదాన్ని, కూరగాయలకు పోతున్నట్టు. పదిహేను రోజులకు ఇంకో ఇద్దరు కలిశారు, వాళ్ల చేతుల్లో కూడా సంచులే. ఒకరోజు మేం ముగ్గురం ఒకరి సంచి ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు సంచులు లేవు, ఏడుగురం అయ్యాం.

నా పుస్తకం కూడా చదువుతా, దాచను. మొదట 9.1. మూడు నెలలకు 7.9. ఆరు నెలలకు 7.2. సంక్రాంతికి అరిసెలు, చక్కిలాలు, వెంటనే పెద్దదాని పెళ్లి పనులు, నిద్ర లేదు, నడక లేదు. మళ్లీ 7.8. ఆ రోజు ఇక నావల్ల కాదు అనిపించింది. డాక్టరు గారు తిట్టలేదు, "మా వాళ్లందరికీ సంక్రాంతి తర్వాత ఇంతే" అన్నారు. మొన్నటిది 7.1. చాలామందికి ఏడు దగ్గర్లో ఉంచుకోమంటారు. ముసలివాళ్లకు, వేరే జబ్బులున్నవాళ్లకు ఆ అంకె మారుతుంది, అది మీ డాక్టరు చెప్పాలి. పెళ్లి సంబంధం చెడిపోద్దని భయపడ్డా గదా, వియ్యపురాలికి నాకంటే ముందు నుంచే షుగరు. మేమిద్దరం ఇప్పుడు ఫోన్లో అంకెలు చెప్పుకుంటాం.

పాదాల గురించి చెప్పకుండా దిగను. మన ప్రాంతంలో మిరపకాయ కోతలకు, పత్తి తీతకు పోయే అక్కలు చాలామంది చెప్పులు గట్టు మీద వదిలి చేలోకి దిగుతారు. షుగరు చాన్నాళ్లుగా ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుద్ది. ముల్లు దిగినా తెలియదు, కాలినా తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదనుకుంటారు. నొప్పి లేకపోవటమే అక్కడ ప్రమాదం. రాత్రి పడుకునే ముందు రెండు పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి. కింద కనపడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా పిల్లల్ని చూడమనండి. పుండు ఉంటే పసుపు అద్ది వారాలు ఆగొద్దు, చూపించండి. కళ్లు బాగానే కనపడుతున్నా ఏడాదికొకసారి లోపలి పొర పరీక్ష చేయించుకోవాలి. మూత్రం, కిడ్నీ పరీక్ష కూడా ఏడాదికోసారి.

ఇంట్లో కోడళ్లు, కూతుళ్లు ఉన్నవాళ్లు ఇంకొకటి వినండి. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చి, కాన్పు అయ్యాక పోయిందని ఊరుకుంటారు. అట్టాంటి వాళ్లకు తర్వాత షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పయిన రెండు మూడు నెలల్లో ఒకసారి, ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో పరీక్ష చేయించాలి.

మందుల విషయంలో మా ఏడుగురిలో ఒకామెకు జరిగింది చెప్తా, పేరు చెప్పొద్దంది. ఐదో నెలలో రిపోర్టు బాగా వచ్చింది. తగ్గిపోయిందని మాత్ర ఆపి, సంతలో అమ్మే ఒక పొడి కొనుక్కుంది, డబ్బా పన్నెండు వందలు. మూడు నెలలకు పరగడుపునే 310. మాత్ర వేసుకుంటున్నాం కాబట్టి అంకె బాగుంది గానీ, అంకె బాగుంది కాబట్టి మాత్ర అక్కర్లేదని కాదు. ఆ మాత్రలు సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. పన్నెండు వందలు పెట్టి పొడి కొన్న మనిషి, ఉచిత మాత్ర కోసం క్యూలో నిలబడటానికి నామోషీ పడింది. ఇప్పుడామె ఇన్సులిన్ మీద ఉంది. ఇన్సులిన్ అంటే ఆఖరు దశ అనుకుని ఆమె ఏడ్చింది. కాదు. 1921లో కెనడాలో బాంటింగ్, బెస్ట్ అనేవాళ్లు దాన్ని వేరు చేశారు, మరుసటేడు మొదటిసారి ఒక కుర్రవాడికి ఇచ్చారు. అంతకుముందు ఆ రకం షుగరు వచ్చిన పిల్లలు బతికేవాళ్లే కాదు. నవంబరు 14 మనకు బాలల దినోత్సవం, అది ఆ బాంటింగ్ పుట్టినరోజు కూడా. అందుకే ఆ రోజు ప్రపంచ మధుమేహ దినం చేస్తారు.

ఇప్పుడు సమాఖ్యను మూడు అడుగుతా, తీర్మానాల పుస్తకంలో రాయించాలి.

నెలనెలా గ్రామ సంఘం మీటింగులో పొదుపు, వాయిదాలు రాశాక ఒక్క ప్రశ్న అడగండి: ఈ నెల ఎవరికి మాత్రలు అయిపోయాయి? ఎవరన్నా అప్పు కట్టకపోతే వాళ్ల ఇంటికి నలుగురం వెళ్తాం. మాత్ర ఆపినావిడ ఇంటికి ఎందుకు వెళ్లం?

గ్రామ సంఘానికొక షుగరు మిషను కొనండి. పట్టీలకు ఎవరిది వాళ్లు కట్టుకుందాం. సూది మాత్రం ప్రతి మనిషికీ కొత్తదే. ఒకరికి గుచ్చినది ఇంకొకరికి గుచ్చారా, ఆ మిషను నేనే తీసుకెళ్లి సాగరులో పడేస్తా.

మూడోది, మన మీటింగుల్లో ఇచ్చే టీ బిస్కెట్లు. సెనగ గుగ్గిళ్లు పెట్టండి, టీలో పంచదార విడిగా పెట్టండి. ఖర్చు కూడా తగ్గుద్ది, కోశాధికారి గారు తల ఊపుతున్నారు.

ఇంకా చెప్పాలని ఉంది గానీ గడియారం చూస్తే ఒంటిగంటా పది అయింది. భోజనాలు పన్నెండున్నరకు అన్నారు. నేను మాత్ర వేసుకుని వచ్చా, ఈ హాల్లో నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. మనం ఎప్పటిలాగే విస్తర్లు వేసి, నీళ్లు పోసి, అతిథులకు వడ్డించి ఆఖర్న కూర్చుంటే కుదరదు. మాత్ర వేసుకున్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మొదటి బంతిలో కూర్చోండి, నేనూ వస్తున్నా. వడ్డించటానికి వేదిక మీద సార్లు ఇద్దరూ ఒప్పుకున్నారు.